కండెలు చుట్టిన చేయి

వేలూరులో గుడియాత్తం బస్సు ఎక్కామంటే దిగేదాకా పాటలే. కాట్పాడి దాటి, లత్తేరి, కె.వి.కుప్పం మీదుగా పోయే ఆ ప్రయాణంలో డ్రైవరు పాత తమిళ పాటలు పెడతాడు. సగం బస్సు పెదవులు కదుపుతూనే ఉంటుంది. ఆ దారిలో తెలుగువాళ్లకు కొదవ లేదు. అటు చిత్తూరు, ఇటు పలమనేరు దగ్గరే కాబట్టి సీటుకొక భాష వినబడుతుంది. మొన్నొక సాయంత్రం నా ముందు సీట్లో తల్లీ కూతురూ కూర్చున్నారు. ఒక పాట మొదలైంది, తల్లి పల్లవి అందుకుంది. కూతురు ముఖం కిటికీ వైపు తిప్పుకుని, "ఆయన పాట నాకొద్దమ్మా" అంది. ఆ పాటకు సంబంధించిన ఎవరి మీదనో ఏవో ఆరోపణలు వచ్చాయని వాళ్ల మాటల్ని బట్టి అర్థమైంది. "పాటేం పాపం చేసిందే?" అంది తల్లి. "పాట చెయ్యలేదు. నేను పాట గురించా అంటున్నాను?" అంది పిల్ల. అంతే, మళ్లీ మాట్లాడుకోలేదు. తల్లి పాడటం ఆపలేదు గానీ గొంతు తగ్గించింది. పిల్ల చెవులు మూసుకోలేదు గానీ పాట అయ్యేదాకా ఇటు తిరగలేదు.

ఇద్దరి మాటా న్యాయంగానే తోచడం నా ఇబ్బంది. పాటేం పాపం చేసింది? నిజమే. చేసినవాణ్ణి పాట చాటున వదిలేస్తామా? అదీ నిజమే. రెండు నిజాలు పక్కపక్కనే కూర్చుని, ఒకదాని ముఖం ఒకటి చూడకుండా ప్రయాణం చేస్తుంటే మూడోవాడు ఏం చెప్పాలి? ఇది ఆ బస్సులో కొత్తగా పుట్టిన చిక్కేం కాదు. గ్రీకుల కాలం నుంచీ తత్త్వవేత్తలు దీన్ని తిరగేస్తూనే ఉన్నారు. కానీ నాకు ఇది పుస్తకాల్లో ఎదురుకాక ముందే మా వీధిలో ఎదురైంది. గుడియాత్తంలో మేమున్న వీధిలో పొద్దున లేస్తే మొదట వినబడేది మగ్గం చప్పుడు. ఆ చప్పుళ్లలో ఒకటి మిగతావాటికంటే స్పష్టంగా, తూకం తప్పకుండా ఉండేది. అది మేం పెదనాయనా అని పిలిచే ఒక పెద్దాయన మగ్గం. బంధుత్వం లేదు, ఇరుగుపొరుగు వరస.

గుడియాత్తం లుంగీలకు పేరున్న ఊరు. లుంగీ నేయడంలో ఏముంది, గళ్లే కదా అనుకునేవాళ్లకు ఆ గళ్లలో ఉండే కష్టం తెలియదు. నిలువు చారలు పడుగులోనే ఉంటాయి, వాటిని పడుగు పోసినప్పుడే సర్దేస్తారు. అడ్డచారలు మాత్రం నేసేవాడి చేతిలో పుడతాయి. నాడె ఇటు నుంచి అటు పోయాక అచ్చుతో కొట్టే దెబ్బ ఒక్కటే బరువుగా పడాలి. పొద్దున చేతిలో సత్తువ ఉందని గట్టిగా కొట్టి, మధ్యాహ్నం అలసిపోయి మెత్తగా కొడితే గడి సాగుతుంది, చదరం కావాల్సింది పొడుగవుతుంది. మగ్గం మీద ఉన్నంతసేపూ అది కంటికి ఆనదు. లుంగీ రెండు కొసలూ కలిపి కుట్టినప్పుడు బయటపడుతుంది. పొద్దుటి గడి, సాయంత్రపు గడి పక్కపక్కకు వచ్చి ఒకదానితో ఒకటి కలవవు. పెదనాయన నేసిన లుంగీలో కుట్టు ఎక్కడుందో వేలితో తడిమితే తప్ప దొరికేది కాదు. పోగు తెగితే మగ్గం ఆపేవాడు. బరువు మోసే పడుగులో తెగినా, ఎవరికీ కనపడని పేకలో తెగినా ఆపేవాడు. ముడి వేసి, ముడి కొసలు గోటితో గిల్లి, వేలితో ఒత్తి చూసుకుని మళ్లీ తొక్కుడుపలక మీద కాలు పెట్టేవాడు. గుడ్డ తిరగేసి కూడా చూసేవాడు. కట్టుకునేవాడు వెనకవైపు చూస్తాడా అని ఎవరో అడిగితే, "చూడకపోతే ఏం, ఉంది కదా" అన్నాడట. ఈ మాట మా వీధిలో చాలాకాలం తిరిగింది.

ఆ మనిషే రాత్రిళ్లు ఇంట్లో భార్యను కొట్టేవాడు. అది కూడా వీధి అందరికీ తెలుసు. మగ్గం చప్పుడులాగే ఆ చప్పుడూ గోడలు దాటి వినబడేది. పొద్దున్నే మళ్లీ మగ్గం మోగేది, తూకం తప్పకుండా. చిన్నప్పుడు నాకు అర్థం కానిది అదే. పోగు తెగితే ప్రాణం విలవిల్లాడే చేతికి ఎదుట మనిషి ఏడుపు ఎందుకు ఆనదు? వెనకవైపు ఎవరూ చూడకపోయినా అక్కడ నిజం ఉండాలనుకునే బుద్ధి, ఇంటి తలుపు మూసుకోగానే ఎక్కడికి పోతుంది?

వేలూరు కోటలో జలకంఠేశ్వరుడి గుడికి పోయినప్పుడల్లా ఈ ప్రశ్న వేరే వేషంలో ఎదురవుతుంది. మన పెద్దవాళ్లు రాయవేలూరు అని పిలుచుకున్న ఊరిది. విజయనగరం కింద చిన్నబొమ్మ నాయకుడు ఏలిన 16వ శతాబ్దంలో ఆ గుడి ఇప్పుడున్న రూపానికి వచ్చింది. లోపలికి అడుగు పెట్టగానే ఎడమ చేతివైపు కల్యాణమండపం. ముందుకాళ్లు ఎత్తి లేచిన గుర్రాలు, వాటి మీద రౌతులు, కింద నలుగుతున్న జంతువులు, పక్కన యాళులు. అన్నీ స్తంభంతో కలిపి ఒకే రాతిలోంచి వచ్చినవే. పైకప్పు నడుమ పూవు చుట్టూ చిలకలు తలకిందులుగా వేలాడుతుంటాయి. మెడ నొప్పి పుట్టేదాకా చూసినవాళ్లు ఎవరైనా అనే మాట ఒకటే, "ఎంత పుణ్యాత్ములో చెక్కింది!" ఆ మాట నేనూ చాలాసార్లు విన్నాను, తల ఊపాను కూడా. కానీ మనకెలా తెలుసు? ఆ శిల్పుల పేర్లు మనకు తెలియవు. వాళ్లలో దయగలవాళ్లు ఎందరో, కూలివాణ్ణి కొట్టినవాళ్లు ఎందరో ఏం తెలుసు? అయినా అందం కనపడగానే దాని వెనక ఒక మంచివాణ్ణి ఊహించుకోకుండా ఉండలేం. అందానికి ఆ బలం ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరూ పిలవకుండానే అది వచ్చి తన్ను చేసినవాడి తరఫున సాక్ష్యం చెబుతుంది, మనం మారు ప్రశ్న వేయకుండా నమ్మేస్తాం.

ఇంకొకటి కూడా ఉంది. ఆ గుడిలో చాలాకాలం పూజ లేదు. కోట చేతులు మారుతూ వచ్చింది, ఇంగ్లీషువాళ్లు గుడిని ఆయుధాల కొట్టుగా వాడుకున్నారు. 1981లో లింగాన్ని మళ్లీ తెచ్చి ప్రతిష్ఠించేదాకా గర్భగుడి ఖాళీ. అంతకాలమూ చిలకలు చిలకలే, గుర్రాలు గుర్రాలే. లోపల దేవుడు లేడని వాటి చెక్కడం తగ్గలేదు. అలాగే చెక్కడం బాగుందని లోపల దేవుడు వచ్చి కూర్చోనూ లేదు. ఆ మండపంలో నిలబడ్డప్పుడు నాకు పెదనాయన లుంగీ గుర్తుకు రావడంలో వింతేముంది?

ఆ చిన్నబొమ్మ నాయకుడి కొలువులోనే అప్పయ్య దీక్షితులు ఉండేవాడు. ఆరణి దగ్గర అడయపాలెం ఆయనది. వేదాంతం, శైవం, మీమాంస, అలంకారశాస్త్రం అన్నిట్లోనూ చెయ్యి పెట్టినవాడు. కువలయానందం ఆయనదే, చిత్రమీమాంస ఆయనదే. శివార్కమణిదీపిక రాసినందుకు చిన్నబొమ్మ ఆయనకు కనకాభిషేకం చేశాడని అడయపాలెం గుడిలో 1582 నాటి శాసనం చెబుతోంది. ఇదంతా చరిత్ర. దీనికి పక్కనే ఒక కథ ఉంది, నాకు చరిత్రకంటే ఆ కథే ఎక్కువ ముఖ్యం. తన భక్తి నిజమైనదేనా అని దీక్షితులకు అనుమానం వచ్చిందట. అంత చదువుకున్నవాడికి, శివుడి గొప్పతనం మీద అన్ని గ్రంథాలు రాసినవాడికి, వాదంలో ఎదురులేనివాడికి ఆ అనుమానం రావడమే గొప్ప విషయం. ఉమ్మెత్త రసం తాగి, మత్తులో నేనేం మాట్లాడతానో రాయండని శిష్యులకు చెప్పాడట. బుద్ధి కాపలా లేనప్పుడు నోట వచ్చేదే నిజం అని ఆయన ఆలోచన. మత్తులో ఆయన నోట యాభై శ్లోకాలు వచ్చాయని, అవే ఆత్మార్పణ స్తుతి అయ్యాయని చెప్పుకుంటారు. ఉన్మత్త పంచాశత్తు అనే పేరు కూడా అందుకే వచ్చిందంటారు.

ఈ కథ విన్న ప్రతిసారీ మొదట ఆయన నిజాయతీకి చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. తాను కట్టిన పాండిత్యమంతా ఒక పక్కన పెట్టి, అది లేకపోతే నేనేమిటి అని అడగగలవాళ్లు ఎందరు? ఆ తర్వాత మెల్లిగా సందేహం మొదలవుతుంది. మత్తులో వచ్చింది కూడా కవిత్వమే కదా, ఛందస్సు తప్పని శ్లోకాలే కదా. ఏళ్ల తరబడి నాలుకకు అలవాటైన విద్య మత్తులోనూ పని చేస్తుంది. పెదనాయన తాగి వచ్చిన రోజుల్లో కూడా మగ్గం మీద గడి చెడేది కాదని విన్నాను. చేతికి వచ్చిన నిజం ఒకటి, మనిషికి వచ్చిన నిజం ఇంకొకటి అయితే, మొదటిదాన్ని చూసి రెండోదాన్ని ఎలా తేలుస్తాం?

దీక్షితుల చిత్రమీమాంసను తూర్పారబట్టినవాడు మన కోనసీమ మనిషి, ముంగండ నుంచి పోయి షాజహాను దగ్గర పండితరాజ బిరుదు పొందిన జగన్నాథుడు. చిత్రమీమాంసా ఖండనమని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. రసగంగాధరంలో ఉదాహరణలకు ఇంకొకరి పద్యం ముట్టుకోనని, అన్నీ తన సొంతవే వేసుకున్నాడు. అంత అభిమానం తన కవిత్వం మీద. ఆయన లవంగి అనే ముస్లిం యువతిని ప్రేమించాడని, కాశీ పండితులు వెలివేశారని, వాళ్లలో అప్పయ్య దీక్షితులు కూడా ఉన్నాడని కథ. దీక్షితులు పోయిన చాలా ఏళ్లకు గాని షాజహాను సింహాసనం ఎక్కలేదు కాబట్టి ఇది జరిగి ఉండటానికి వీల్లేదు. అయినా జనం ఇద్దర్నీ కాశీలో ఎదురెదురుగా నిలబెట్టారు. వెలిపడ్డ జగన్నాథుడు గంగ ఒడ్డున యాభై రెండో మెట్టు మీద కూర్చుని గంగాలహరి చెబుతుంటే, శ్లోకానికొక మెట్టు చొప్పున నది పైకి వచ్చి చివరికి ఆయన్ను తనలో కలిపేసుకుందట.

రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే తపన. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న తగవు వచ్చింది, మనుషుల తీర్పు మీద నమ్మకం లేదు, కవిత్వాన్నే బోనులో నిలబెట్టారు. ఒకచోట ఉమ్మెత్త అడిగింది, ఇంకోచోట గంగ విన్నది. రెండుచోట్లా పద్యం గెలిచింది. పద్యం గెలిచింది గనుక మనిషీ గెలిచాడు. వెలివేసిన పండితుల కంటే ప్రేమించిన జగన్నాథుడి పక్షమే నాది, అందులో సందేహం లేదు. అయినా కథ నడిచిన తీరులో నాకొకటి గుచ్చుకుంటుంది. లవంగి ఏమంది? ఆమెకు కవిత్వం ఇష్టమా, ఆయన మంచివాడేనా, ఆ వెలి ఆమెను ఏం చేసింది? కొన్ని చోట్ల ఆమెను కూడా ఆయనతోపాటు గంగలో కలిపేస్తారు గానీ నోట ఒక్క మాట పలికించరు. గంగ సాక్ష్యం తీసుకున్నవాళ్లు పక్కనే ఉన్న మనిషిని అడగలేదు.

గుడియాత్తంలో ఏటా మే నెల నడుమ, తమిళుల వైకాసి నెల మొదటి రోజున, గంగమ్మ శిరస్సు ఊరేగుతుంది. గౌండిన్య నది ఒడ్డున గోపాలపురంలో అమ్మవారి గుడి. రంగులు వేసి పూలు కట్టిన ఆ పెద్ద శిరస్సు వీధుల్లోంచి వస్తుంటే దారి పొడుగునా కొబ్బరికాయలు పగులుతూనే ఉంటాయి. ఆ నీళ్లకు, చిప్పలకు కాలు పెట్టే చోటుండదు. వేలూరు నుంచి, చిత్తూరు పల్లెల నుంచి జనం ఒకటే రావడం. శిరస్సు గుడికి చేరాక మొండేనికి కలుపుతారు, ఆ ముఖం కోసం జనం కాచుకుని ఉంటారు. ఆ శిరస్సు రేణుకది. కథ మనందరికీ తెలిసిందే. జమదగ్ని భార్య రేణుక రోజూ ఏటికి పోయి, ఇసుకతో కుండ చేసి, కాల్చని ఆ పచ్చి కుండలోనే నీళ్లు తెచ్చేది. ఆమె పాతివ్రత్యమే ఆ కుండకు ఆవం. ఒకరోజు నీళ్లలో గంధర్వుడు కనిపించాడు, ఎంత అందంగా ఉన్నాడని ఒక్క క్షణం అనుకుంది. ఆ రోజు కుండ నిలవలేదు. భర్తకు తెలిసిపోయింది, కొడుకు చేత తల నరికించాడు.

శీలానికీ పనితనానికీ ఉన్న ముడిని ఇంత గట్టిగా బిగించిన కథ నేనింకొకటి ఎరగను. మనసు కదిలితే కుండ విరుగుతుంది, ఇక దాపరికానికి చోటే లేదు. ఈ లెక్కన పెదనాయన లుంగీ ఏనాడో పోగులు పోగులుగా విడిపోయి ఉండాలి. విడిపోలేదు. మా ఇంట్లోనే ఏళ్ల తరబడి కట్టారు, రంగు కూడా పోలేదు. మరి ఆ పరీక్ష ఆడవాళ్ల కుండకేనా? మగవాడి మగ్గానికి లేదా? చిన్నప్పుడు జాతరలో నాన్న భుజాల మీద కూర్చుని చూసిన ఆ ముఖం, పెద్దయ్యాక చూస్తే ఈ ప్రశ్నే అడుగుతున్నట్టుంటుంది. ఊరు ఇచ్చిన జవాబు కూడా నాకు చిన్నదిగా కనిపించదు. తల నరికించిన ఋషికి జాతర లేదు, నరికిన కొడుకుకు ఊరేగింపు లేదు. కుండ విరిగినామెకే కొబ్బరికాయ.

చదువుకునే రోజుల్లో ప్లేటో చేతికి వచ్చినప్పుడు, కవుల్ని తన ఆదర్శ రాజ్యంలోకి రానివ్వనన్న ఆయన మాట నాకు కటువుగా తోచింది. మంచానికి మూలరూపం ఒకటుంటుంది, వడ్రంగి చేసింది దానికి నకలు, చిత్రకారుడు గీసింది నకలుకు నకలు, కాబట్టి కళ నిజానికి మూడు అంగల దూరం అంటాడు. వడ్రంగికి చిత్రకారుడికంటే ఎత్తు పీట వేసినందుకు మా నేతవీధి మనిషిగా నాకు కొంత సంతోషం. కానీ ఆ వడ్రంగి ఇంట్లో ఎలా ఉండేవాడో ఆయనా అడగలేదు. టాల్‌స్టాయ్ ముసలితనంలో కళ అంటే ఏమిటని పుస్తకం రాసి, మనుషుల్ని కలపని కళ కళే కాదని తేల్చి, లోకం నెత్తిన పెట్టుకున్న తన పెద్ద నవలల్నే పక్కకు తోసేశాడు. నీతి పేరున సొంత రాతనే కాదనుకున్న ఆ తెగువకు మనసు వంగుతుంది. అయితే ఆ నవలల చిత్తుప్రతుల్ని రాత్రిళ్లు దీపం దగ్గర కూర్చుని మళ్లీ మళ్లీ సాపు రాసింది ఆయన భార్య సోఫియా. వాటిని ఆయన కొట్టిపారేసేటప్పుడు అందులో ఆమె చేతిరాత కూడా ఉందన్న ఆలోచన ఆయనకు వచ్చిందా? ఆ ఇంట్లో ఆమె పడిన బాధ ఆమె డైరీల్లో ఉంది. ఆయన నీతి ఎంత పెరిగితే ఆమె కష్టం అంత పెరిగినట్టు కనిపిస్తుంది చదువుతుంటే.

సోఫియా గురించి చదివిన కొత్తలోనే ఒకసారి ఊరికి పోయాను. పెదనాయన పోయి చాలాకాలమైంది, మగ్గం గుంట పూడ్చేసి పైన బండలు పరిచారు. పెద్దమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చున్నాను. మాటల్లో మా ఇంట్లో ఇంకా ఆయన నేసిన లుంగీ ఒకటి ఉందని చెప్పాను. అడగవచ్చా కూడదా అని వెనకాడుతూనే, ఆయన బట్ట చూస్తే నీకేమనిపిస్తుంది పెద్దమ్మా అని అడిగాను. గింజ తీస్తున్న చెయ్యి ఆగింది. "ఆయన బట్టేంది నాయనా? కండెలు ఎవురు చుట్టారనుకున్నావు?" అంది. కోపంగా అనలేదు, తెలియనివాడికి చెప్పినట్టు అంది. పొద్దున నాలుగింటికి లేచి రాట్నం ముందు కూర్చుంటే ఎండెక్కేదాకా కండెలు చుట్టేదట. బిగువు ఎక్కువైతే నాడెలో పోగు తెగుతుంది, వదులైతే చిక్కు పడుతుంది. నూలు గంజికి, ఆరబెట్టడానికి, పడుగు పరిచిన రోజు వీధి పొడుగునా తిరిగి తెగిన పోగులు అతకడానికి ఆమే. "నా కండె సరిగ్గా లేకుంటే ఆయన గడి యాడ నిలిచేది?" అని మళ్లీ గింజ తీసింది.

అంతకాలం ఆ లుంగీలో నేను ఒక్క చేతినే చూశాను. ఆ ఒక్క చెయ్యి మంచిదా చెడ్డదా అని తర్జనభర్జన పడుతూ, ఆ గుడ్డకు న్యాయం చేయడమంటే ఆ చేతిని క్షమించడమో, లేకపోతే దాని కోసం గుడ్డను పారేయడమో, రెండే దారులని బిగుసుకున్నాను. పెద్దమ్మ ఒక్క మాటతో మూడోది చూపించింది. పేక పేకంతా ఆమె వేళ్లలోంచి పోయిన నూలు. ఆయన చెడ్డవాడని ఆ గుడ్డ పారేస్తే పారేసేది ఆమె పనినే. ఆయన గొప్ప నేతగాడని చెప్పి ఊరుకుంటే దాచిపెట్టేదీ ఆమెనే. కళనూ కళాకారుణ్ణీ విడదీయవచ్చా కూడదా అని మనం ఇంత వాదించుకుంటాం గదా, ఆ వాదం రెండు వైపులా ఒక్క మనిషి చుట్టే తిరుగుతుంది. అతనికి మాఫీ ఇవ్వాలా వద్దా, అతని పేరు నిలవాలా పోవాలా అని. ఆ పనిలో కలిసిన మిగతా చేతులూ, ఆ పని నడిచినన్నాళ్లూ దెబ్బలు తిన్న ఒళ్లూ మన లెక్కలోకే రావు. రేణుక కథ కూడా అప్పుడు నాకు ఇంకోలా తెరుచుకుంది. ఆమె నీళ్లు తేకపోతే జమదగ్ని అనుష్ఠానమే లేదు. ఆయన తపస్సు నిలబడ్డది ఆమె రోజూ చేసిన పచ్చి కుండ మీద. అందరూ ఆ కుండనే పరీక్షించారు, తపస్సును పరీక్షించాలని ఎవరికీ తోచలేదు.

వేలూరులో ఊరీస్ కాలేజీ ముందు నుంచి పోతున్నప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ గుర్తుకు రావడం సహజం. తిరుత్తణిలో తెలుగు ఇంట్లో పుట్టిన కుర్రవాడు 1900 నుంచి 1904 దాకా ఇక్కడ చదువుకున్నాడు. ఈ ఊరి చదువు రోజుల్లోనే శివకాముతో పెళ్లయింది. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి పోయి, వేదాంతంలో నీతికి చోటు లేదన్న మాటకు జవాబుగా 1908లో తన మొదటి పుస్తకం రాశాడు. అక్కడి నుంచి రవీంద్రుడి తత్త్వం మీద 1918లో ఒక పుస్తకం, 1932లో వచ్చిన ఆదర్శవాద గ్రంథంలో కళ కూడా సత్యాన్ని తెలుసుకునే ఒక దారేనన్న చర్చ. కవికి కనిపించేది ఊహ మాత్రమే కాదని, అందులో ఎరుక ఉంటుందని ఆయన వాదం. మనిషి లోపల ఎంత ఎదిగితే ఆ చూపు అంత తేటగా ఉంటుందని కూడా ఆయన నమ్మకం. చదువుతుంటే ఎంత హాయిగా ఉంటుందో ఆ వచనం. మనిషి మీద నమ్మకం కలిగించే రాత.

1989లో ఆయన కొడుకు సర్వేపల్లి గోపాల్ తండ్రి జీవితచరిత్ర ప్రచురించాడు. గోపాల్ మామూలు కొడుకు కాదు. పేరున్న చరిత్రకారుడు, నెహ్రూ జీవితాన్ని మూడు సంపుటాల్లో రాసినవాడు. తండ్రి విద్వత్తు, రాజనీతి, దేశానికి చేసిన సేవ అన్నీ ప్రేమగా చెబుతూనే, ఆయనకు వివాహం బయట ఉన్న సంబంధాల్ని, దానివల్ల తల్లి పడిన బాధను దాచకుండా రాశాడు. ఆ పుస్తకం మీద కొందరికి నొప్పి కలిగింది. కొడుకు రాయవలసిన మాటలా ఇవి అన్నవాళ్లున్నారు. సెప్టెంబరు 5న పటానికి పూలదండ వేసే దేశంలో ఆ నొప్పి నాకు అర్థమవుతుంది. కానీ ఆ పుస్తకం నా దృష్టిలో తండ్రిని చిన్నబుచ్చలేదు. ఆయన పుస్తకాలను చదవొద్దని అది చెప్పదు. శివకాము అనే మనిషి ఉన్నదని చెబుతుంది. ఐదుగురు ఆడపిల్లల్నీ ఒక కొడుకునూ పెంచి, ఆయన పదవులు ఊళ్లు మారుతున్న కాలమంతా ఇల్లు మోసి, 1956లో ఆయన ఉపరాష్ట్రపతిగా ఉండగా వెళ్లిపోయిన మనిషి. ఆయన నెమ్మదిగా కూర్చుని సత్యాన్ని గురించి రాసుకోగలిగిన గంటల వెనక ఆమె గంటలున్నాయి. నీతి గురించి ఆయన రాసిన మాటలు ఆ కారణంగా అబద్ధం కావు. ఆ మాటల్ని ఆయనకే అప్పజెప్పి అడిగే హక్కు ఆమెకుందని మాత్రం ఆ పుస్తకం చదివాక నాకు గట్టిగా అనిపించింది.

మన ధూర్జటిని జనం ఇందుకే ఎక్కువగా దగ్గరకు తీసుకున్నారేమో. ఆయన వేశ్యాలోలత గురించి కృష్ణరాయల సభలో జరిగినట్టు చెప్పే చాటుకథలు అందరికీ తెలుసు. కాళహస్తీశ్వరుడి ముందు నిలబడి తన బలహీనతల్ని తనే ఏకరువు పెట్టుకున్నవాడి మీద ఇంకొకరు కొత్తగా మోపగలిగే నేరం పెద్దగా ఉండదు. కానీ ఆ ఒప్పుకోలు కూడా శివుడితోనే కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. దేవుడితో ఒప్పుకోవడం వేరు, దెబ్బ తిన్న మనిషి ఎదుట ఒప్పుకోవడం వేరు. మొదటిది గొప్ప పద్యమవుతుంది. రెండోది పద్యం కాకపోవచ్చు, ఎవరికీ వినబడకపోవచ్చు, అయినా నాకు రెండోదే కావాలి.

ఇంతా రాశాక ఒక భయం మిగిలే ఉంది. గోపాల్ తల్లి బాధను రాసినప్పుడు ఆమె లేదు. ఉండి ఉంటే రాయమనేదా, వద్దనేదా? తన ఇంటి మాట వీధిన పడటం ఆ తరం ఆడవాళ్లకు ఇంకొక దెబ్బ కాదా? నిజం చెప్పడం మంచిదే, కానీ ఎవరి నిజాన్ని ఎవరు చెబుతున్నారన్నది కూడా శీలానికి సంబంధించిన సంగతే. రాసేవాడు తన వచనం బాగా రావడం కోసం ఇంకొకరి కన్నీళ్లను వాడుకుంటే, పెదనాయన చేసిన దానికి అది ఎంత దూరం? ఈ ప్రశ్నకు ప్లేటో దగ్గరా, టాల్‌స్టాయ్ దగ్గరా నాకు జవాబు దొరకలేదు. అందుకే ఇది రాయాలని అనుకున్నప్పుడు మళ్లీ గుడియాత్తం పోయి పెద్దమ్మనే అడిగాను. కళ్లు బాగా మందగించాయి ఆమెకు, నా గొంతును బట్టి గుర్తుపట్టింది. కొట్టిన సంగతీ, కండెల సంగతీ రెండూ రాస్తానని చెప్పాను. కాసేపు ఆలోచించింది. "రాయి నాయనా. పేర్లు మాత్రం వొద్దు, మనవరాండ్లుండారు" అంది. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే వెనక్కు పిలిచి, "గడి బాగా వేస్తాడని కూడా రాయి, అదీ నిజమే గదా" అంది.